ఎడమ పక్క మేకలు

కిరణ్ అనే అబ్బాయి కారు దిగి మా గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికి నేను వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. పేరు చెప్పకముందే ఎవరి మనవడో తెలిసిపోయింది. ఆ ముక్కు నా చిన్నప్పుడు చీపురుపల్లి చర్చిలో ప్రసంగ పీఠం పక్కన కుర్చీలో కూర్చునేది. సంఘపెద్ద సమూయేలు గారి ముక్కు అది. "మేడమ్, మీరు రూతు టీచర్ గారే గదండీ? మా తాతగారు మీ గురించి సెప్పీవోరు" అన్నాడు. ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు గనక అడగలేదు. అతనిప్పుడు అదే చర్చికి కమిటీ కార్యదర్శి. కొత్త భవనం కట్టారట, ఈసారి క్రిస్మస్ చెట్టుకి ఏదో ఒక థీమ్ ఉండాలని కుర్రాళ్ళు పట్టుబట్టారట, పాతకాలం కార్టూన్ అయితే బాగుంటుందని అందరూ చేతులెత్తారట. "మీ దగ్గిర రేకు మేకలు ఉన్నాయంట గదండీ, సైకిల్ తొక్కే మేకలు. ఓ వారం ఇస్తే సాలండి. తుప్పు పట్టుంటాయి గాబట్టి గోల్డ్ స్ప్రే కొట్టించేస్తాం. స్టేజీకి కుడి పక్కని, స్క్రీను దగ్గిర ఎడతాం. ఫోటోల్లో బాగా వస్తాది" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ తరవాత కూడా వచ్చింది, వచ్చినందుకు నేనేమీ చిన్నబుచ్చుకోను. కొన్ని కోపాలు దాచుకోదగ్గవి. నేను దాన్ని మా అమ్మ ట్రంకు పెట్టెలో మేకలతో పాటే భద్రంగా ఉంచాను. "కూర్చో నాయనా, టీ తాగు. ఆ మేకల కథ నీకు తెలుసా?" అని అడిగాను. తెలీదన్నాడు. వాళ్ళింట్లో ఎవరు చెబుతారు గనక!

ముందు ఆ మేక సంగతి చెప్పాలి. మా నాన్న ఇస్రాయేలు చీపురుపల్లి రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. మా క్వార్టర్ల వెనకనుంచి అడ్డంగా నడిస్తే షావుకార్ల వీధి వచ్చేది. ఆ వీధిలో సత్యవతి పిన్ని వాళ్ళది ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. చుట్టుపక్కల టీవీ ఉన్న ఇల్లు అదొక్కటే. ఆదివారం పొద్దున్న అందులో ఒక కార్టూన్ వచ్చేది. దానికేదో హిందీ పేరుండేది గానీ మాకు నోరు తిరక్క సైకిల్ మేక అనేవాళ్ళం. బక్కచిక్కిన మేక, గడ్డం, కింది పెదవి కొంచెం వేలాడుతూ ఉండేది. క్యాబేజీ తోటకి మీసాల కాపలాదారు ఒకడు. మేక తోటలో పడి మేసేది, వాడు కర్ర పట్టుకుని తరిమేవాడు, మేక సైకిలెక్కి పారిపోయేది, పారిపోయి గోతిలో పడేది. పడ్డాక లేచి, గడ్డం దులుపుకుని, బెల్లు రెండుసార్లు కొట్టి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళిపోయేది. ఏ వారం చూసినా ఇదే కథ. ఏ వారమూ మేము మానలేదు. మాటలు హిందీలో ఉండేవి, మాలో ఎవరికీ ముక్క అర్థమయ్యేది కాదు, మేక మాత్రం ఎప్పుడూ ఒక్క మాటా మాట్లాడేది కాదు. అందుకే అది మాది అనిపించేది.

సత్యవతి పిన్ని గుమ్మంలో చెంబుతో నీళ్ళు పెట్టుకుని కూర్చునేది. "ఒసే గుంటల్లారా, కాళ్ళు కడుక్కోండి ముందు! ఆ గోనె మీద కూసోండి. మద్దిలో లేసి తిరిగినారంటే టీవీ కట్టేస్తాను సూడండి" అని ప్రతి వారం బెదిరించేది, ఒక్క వారమూ కట్టెయ్యలేదు. పైగా మేక గోతిలో పడ్డప్పుడల్లా మాకంటే ముందు ఆవిడే "ఓలమ్మా!" అనేది. ఆ గదిలో బెల్లం బస్తాల వాసన, చింతపండు వాసన, నువ్వులనూనె డబ్బాల వాసన కలిసిపోయి ఉండేవి. ఇప్పటికీ కొత్త బెల్లం వాసన తగిలితే నాకు సైకిల్ బెల్లు వినిపిస్తుంది. చిక్కల్లా ఒకటే. మేక వచ్చే వేళా, చర్చిలో ఆరాధన మొదలయ్యే వేళా ఒకటే. నేనూ మా చెల్లి మార్తా పాట అయ్యేదాకా అమ్మ పక్కన బుద్ధిగా కూర్చుని, ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకోగానే లేచి పోయేవాళ్ళం. మా వెనకే మిగతా పిల్లలు. సమూయేలు గారు కళ్ళు తెరిచేసరికి పిల్లల చాప ఖాళీగా ఉండేది. ఆయనకి ఆ మేక మీద పగ అక్కడ మొదలైంది.

ఆ చర్చిలో మగవాళ్ళు కుడి పక్క, ఆడవాళ్ళు ఎడమ పక్క కూర్చునేవారు, మధ్యలో దారి. మా అమ్మ సుగుణమ్మ చోటు ఎడమ పక్క, చివర, గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోటుకి ఆనుకుని. ఫలానా చోటు ఫలానా వాళ్ళదని ఎక్కడా రాసి ఉండదు, అయినా అందరికీ తెలుసు. శనివారం మధ్యాహ్నం అమ్మ తన ఒక్క తెల్లచీరనీ నీలిమందు పెట్టి ఉతికి, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అడుగు తడిగుడ్డతో తుడుస్తూ ఇస్త్రీ చేసుకునేది. దేవుడి పేర రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉన్న ఆదివారాల్లో రొట్టె ముక్క నోట్లో పడేదాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. జ్వరమొచ్చినా వెళ్ళేది. ఆవిడ బాప్తిస్మం తీసుకున్న నాటినుంచి ఆ బల్ల ఒక్కసారీ తప్పలేదు. మా నాన్నకి జీతం, మాకు సైకిల్ మేక, అమ్మకి ఆ రొట్టె ముక్క. అంతకంటే ఆవిడ ఎవర్నీ ఏదీ అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఒక్కటి మాత్రం కోరుకునేది. మా సంఘంలో చెట్టు వంతు అని ఉండేది. క్రిస్మస్‌కి చర్చిలో చెట్టు నిలబెట్టి అలంకరించే పని ఏటా ఒక కుటుంబానిది. వంతు అని పేరేగాని ముందు చాపల వాళ్ళ మధ్యే తిరిగేది. గుమ్మం దగ్గర కూర్చునేవాళ్ళ దాకా ఎప్పుడూ రాలేదు. ఆ ఏడు వంతు వచ్చిన ఇంట్లో ఎవరో పోయారు, మరొకరు ఊళ్ళో లేరు, ఇంకొకరింట్లో బాలింత. చివరికి దిక్కులేక మా ఇంటి తలుపు తట్టారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి కాసేపటిదాకా బయటికి రాలేదు. వచ్చాక కళ్ళు తుడుచుకుని, "మన చెట్టు అలాటిలాటిది కాకూడదే. మీకు ఏటి కావాలో సెప్పండి, అదే సేద్దాం" అంది. మార్త ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మేక" అంది.

సరుగుడు చెట్టు ఎచ్చెర్ల అవతలి సముద్రపు ఒడ్డు తోటల్లోంచి వచ్చింది. మాకు చేపలు తెచ్చే ఆవిడ బస్సు మీద తన బుట్టలతో పాటు వేయించుకొచ్చింది. ఆ చెట్టుకి సుగంధాలేమీ లేవు, పచ్చిచేపల వాసన. కిరసనాయిలు డబ్బాలో నిలబెట్టి చుట్టూ నాన్న తెచ్చిన పట్టాల కంకర పోశాం. సత్యవతి పిన్ని ఖాళీ నూనె డబ్బాలు ఇచ్చింది. నాన్న వాటిని విప్పదీసి, నేల మీద పరిచి, రేకు కత్తెరతో మేకల్ని కత్తిరించాడు. సైకిళ్ళు తీగతో, చక్రాలు సోడా మూతలతో చేశాడు. కంటికి మేకుతో ఒక చిల్లి కొట్టాడు, వెనక దీపం పెడితే కన్ను వెలిగేటట్టు. గడ్డాలు మాత్రం అమ్మ చూసుకుంది. మా వైపు గోగునారకి కరువా! నానబెట్టి, దువ్వి, ఒక్కో మేకకి ఒక్కో రకం గడ్డం అంటించింది. ఒకదానికి మరీ పొడుగైంది, అచ్చం సమూయేలు గారిదిలాగే ఉందని నాన్న అంటే అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. చివర్న పిన్ని కొట్లోంచి పాత సైకిలు బెల్లు ఒకటి విప్పించి తెచ్చింది. "మేక పడి లేసినాక బెల్లు కొట్టకపోతే ఏటి బాగుంటాదే! ఇది కిందకొమ్మకి కట్టండి, సిన్నపిల్లలకి అందాల" అంది. ఆవిడ దేవుళ్ళు వేరు, ఆ బెల్లు కట్టేటప్పుడు ఆవిడకీ మాకూ ఆ సంగతి గుర్తు కూడా రాలేదు.

పండగ ముందురోజు పొద్దున్నే చెట్టుని తీసుకెళ్ళి ప్రసంగ పీఠానికి కుడి పక్కన, ప్రతి ఏడూ పెట్టే చోటే పెట్టాం. సమూయేలు గారు వచ్చారు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగారు. ఆయన గుమాస్తాగా రిటైరైన మనిషి, గుడిలోకి రాగానే పుస్తకాల భాష మాట్లాడేవారు. "ఇస్రాయేలూ, ఇది దేవుని మందిరమా, సంతా? తీర్పు దినమున గొర్రెలు కుడి పక్కకు, మేకలు ఎడమ పక్కకు పోవునని ఎన్నిసార్లు చెప్పితిని? నశించిపోవు వాటిని తెచ్చి కుడి పక్కన వేలాడదీసితివా? పిల్లలను ఆరాధన మాన్పించిన జంతువు ఇదే కాదా? సాయంత్రంలోగా ఇవన్నీ తీసివేయవలెను" అన్నారు. నాన్న నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఆయన సంతకం పెడితేనే సంఘంలో పెళ్ళైనా, పాతిపెట్టడమైనా. మార్త వెక్కడం మొదలుపెట్టింది. అప్పుడు మా అమ్మ, మగవాళ్ళ ముందు ఎప్పుడూ నోరెత్తని మనిషి, చెప్పులు విడిచే చోటునుంచి మాట్లాడింది.

"అయ్యగారూ, ఎడం పక్కని కూసుంటన్నది మేవే గదండీ?"

చర్చిలో చీపుర్లతో ఊడుస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. సమూయేలు గారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముక్కు ఎర్రబడింది. అమ్మ గొంతు పెంచలేదు. "మేకలు ఎడం పక్కకి పోవాలంటే అలగే పోతాయండి. మా పక్కకే ఎట్టుకుంటాం. ఇన్నాళ్ళూ అక్కడే కూసుంటన్నాం, మాకేటీ అవనేదు" అంటూ వచ్చి డబ్బా ఒక చెవి పట్టుకుంది. రెండో చెవి ఎవరు పట్టుకుంటారా అని నేను చూస్తుంటే నాన్న పట్టాడు. కంకర డబ్బా బరువు. నేల మీద గీసుకుంటూ మధ్యదారి దాటింది. ఆ గీత ఆ గచ్చు మీద చాలా ఏళ్ళు ఉంది.

"సరే. రేపు బల్ల దగ్గర చూతుము" అని సమూయేలు గారు వెళ్ళిపోయారు. దాని అర్థం అందరికీ తెలుసు. మేకలుంటే అమ్మకి రొట్టె లేదు. ఇంటికొచ్చాక నాన్న అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు. "తీసేద్దావేటే సుగుణా? రేకు ముక్కలే గదా. నీ బల్ల తప్పిపోతాది" అన్నాడు. అమ్మ చీర ఇస్త్రీ చేసుకుంటోంది. "రేకు ముక్కలైతే ఆయనకెందుకు అంత కోపం? ఇన్నేళ్ళకి ఒకపాలి చెట్టు వంతు వచ్చినాది. పిల్లది ఏటి కావాలని నానే అడిగినాను, అది సెప్పినాది. ఇప్పుడు తీసెయ్యమని నా నోటితో నాను సెప్పను. రొట్టె ఇయ్యకపోతే ఇయ్యకపోనీ, అడగడం నా వొంతు, తరవాత దేవుడికి సెప్పుకుంటాను" అంది. అన్నాక చెంబు పక్కన పెట్టేసి ఏడ్చింది. ఆవిడకి భయం లేదని నేను ఎప్పుడూ చెప్పను. భయంతోనే నిలబడింది.

పండగ పొద్దున్న అమ్మ గుమ్మం దగ్గర కూర్చోలేదు. నేరుగా ముందుకెళ్ళి చెట్టు పక్కన, మేకల్ని కాపలా కాస్తున్నట్టు కూర్చుంది. ఆవిడకి ఇటు పక్కన అప్పలమ్మ మామ్మ. సమూయేలు గారి కన్నతల్లి. బాప్తిస్మంలో హన్నా అని పేరు పెట్టినా ఎవరూ పిలిచేవారు కాదు. చెవులు వినిపించవు, చూపు ఆనదు. ఆరాధన మొదలైన కాసేపటికే మామ్మ చెయ్యి చాచి కొమ్మ తడిమింది, రేకు తడిమింది, గడ్డం తడిమింది. "ఇదేటే, మేకా?" అని పెద్దగా అడిగింది. మేకే మామ్మా అంది అమ్మ ఆవిడ చెవిలో గట్టిగా. "సైకిలు తొక్కుతున్నాదేటి?" తొక్కుతోందని చెప్పగానే మామ్మ పళ్ళులేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది. ప్రసంగం సాగినంత సేపూ నవ్వుతూనే ఉంది.

పండగని విజయనగరం నుంచి పాస్టరుగారు వచ్చారు. ఆయన మగవాళ్ళ వైపు, సమూయేలు గారు ఆడవాళ్ళ వైపు రొట్టె పళ్ళెం పట్టుకుని బయల్దేరారు. అమ్మ రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చాచింది. పళ్ళెం ఆ చేతుల మీదుగా దాటిపోయింది. అమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. అలాగే చాచి ఉంచింది. ఆ ఖాళీ చేతుల్ని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. పళ్ళెం మామ్మ దగ్గర ఆగింది. మామ్మకి సగం చూపే అయినా పక్కనున్న చేతులు కనబడ్డాయి.

"ఒరే సామేలూ, సుగుణకి ఎట్టనేదేటిరా?"

ఆయన వంగి చెవిలో ఏదో చెప్పారు. చెవిటివాళ్ళకి రహస్యం చెప్పడం ఎలా కుదురుతుంది! మేకలు అన్నమాట రెండోసారి గట్టిగా అనాల్సి వచ్చింది, చర్చి మొత్తానికి వినిపించింది. "మేకలైతే ఏటి?" అంది మామ్మ, ఆయనకంటే గట్టిగా. "మీ అయ్యా నానూ మేకలు కాసినోలిమే గదరా. నా పాలు సాలక నువ్వు మేకపాలు తాగే పెరిగినావు. మర్సిపోనావేటి?" గుమాస్తాగారి కుటుంబం ఎక్కడినుంచి వచ్చిందో ఆ నిమిషం దాకా ముందు చాపల్లో ఎవరికీ తెలీదు. మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ముందల ఆ పిల్లకి ఎట్టు. నాను తరవాత తింటాను." ఆయన అక్కడే నిలబడిపోయారు. పాస్టరుగారు అటునుంచి చూస్తున్నారు. తల్లి నోటి మీంచి చెయ్యి తియ్యలేదు. చివరికి పళ్ళెం ఒక అడుగు వెనక్కి వచ్చింది, మా అమ్మ చేతిలో రొట్టె ముక్క పడింది. అప్పుడు మార్త, ఎవరు చెప్పారో ఏమో, కిందకొమ్మకున్న బెల్లు రెండుసార్లు కొట్టింది.

దీని తరవాత అందరూ మారిపోయారని రాస్తే అబద్ధం. చెట్టు వంతు మళ్ళీ మా ఇంటికి రాలేదు. సమూయేలు గారు మా నాన్నని పలకరించడం మానేశారు. మామ్మ పోయింది. నాన్నకి కొత్తవలస బదిలీ అయింది. మేకలు ట్రంకు పెట్టెలో మా వెంట వచ్చాయి. అమ్మ బతికినన్నాళ్ళూ మా ఇంటి వరండాలో, గుమ్మానికి ఎడమ పక్కన, సరుగుడు కొమ్మకి వేలాడాయి. ఆవిడ తరవాత నేను వేలాడదీస్తున్నాను. అప్పటి రోజులే బంగారమని పాడే రకం కాదు నేను. అప్పుడు మమ్మల్ని చెప్పుల పక్కన కూర్చోబెట్టారు. ఇప్పుడు గొడుగులా మడిచిపెట్టే ప్లాస్టిక్ చెట్లు వచ్చాయి, బొమ్మలు ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి, చర్చిలో కార్టూన్లేమిటని అడిగేవాడు లేడు. మంచిదే. కానీ ఒకనాడు నరకానికి పోతాయన్న మేకలు ఈనాడు ముచ్చటగా ఉన్నాయని బంగారు రంగు పూసి కుడి పక్కన నిలబెడతామంటే, మధ్యలో మా అమ్మ చాచిన చేతులు ఎటు పోవాలి?

కిరణ్ టీ చల్లారిపోయింది. "మా వోళ్ళు మేకలు కాసీవోరా మేడమ్? నాకెవరూ సెప్పనేదండి" అన్నాడు చివరికి. "అందులో దాచుకోవలసింది ఏముందయ్యా" అన్నాను. మేకలు ఇస్తానన్నాను, మూడు షరతుల మీద. రంగు పుయ్యకూడదు, నేనూ మా చెల్లీ వచ్చి కట్టుకుంటాం, చెట్టు ఆడవాళ్ళ పక్కన ఉండాలి. "కమిటీని అడగాలండి" అన్నాడు. "అడుగు. నేను మాత్రం కమిటీని అడగను" అన్నాను. తరవాత ఫోన్ రాలేదు.

పండగ ముందురోజు పొద్దున్నే నేనూ మార్తా ఆటోలో పెట్టె వేసుకుని, పైన సరుగుడు కొమ్మ కట్టించుకుని చీపురుపల్లి వెళ్ళాం. మార్తకి మోకాళ్ళ నొప్పులు, అయినా నా చెయ్యి పట్టుకోకుండానే మెట్లెక్కింది. కొత్త చర్చిలో చాపలు లేవు, మెత్తటి కుర్చీలు వచ్చాయి. పక్కలు మాత్రం మారలేదు. మగవాళ్ళు కుడి, ఆడవాళ్ళు ఎడమ. కుడి పక్కన స్క్రీను, దాని కింద ప్లాస్టిక్ చెట్టు, చుట్టూ మెరిసే కార్టూన్ బొమ్మలు. అవీ బాగానే ఉన్నాయి, వాటి మీద నాకేమీ కోపం లేదు. మేము నేరుగా ఎడమ పక్కకి వెళ్ళి, కొమ్మ నిలబెట్టి, మేకల్ని ఒక్కొక్కటే కట్టడం మొదలుపెట్టాం. కమిటీ కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, ఇటు కాదండి, చెట్టు అటు పక్కని" అన్నారు. "మా మేకలు ఇటే" అంది మార్త. "ఇటు ప్లగ్గు నేదండి, లైట్లు వెలగవు. ప్లగ్గులన్నీ కుడి పక్కే ఉన్నాయి" అన్నారు వాళ్ళు. నాకు నవ్వొచ్చింది. ఎంత డబ్బు పోసి కట్టినా, కరెంటు కూడా కుడి పక్కకే ఇచ్చుకున్నారు!

వెలక్కపోతే పోనీ, కట్టడం మానేది లేదన్నాను. అప్పుడు వెనకనుంచి కిరణ్ వచ్చాడు, చేతిలో పొడుగాటి తీగ చుట్ట. కుడి పక్క గోడ ప్లగ్గులో ఒక కొస గుచ్చి, మగవాళ్ళ కుర్చీల ముందునుంచి, మధ్యదారి మీదుగా లాక్కొచ్చి మా కొమ్మ కింద పెట్టాడు. మేము తెచ్చుకున్న దీపం దానికి తగిలించగానే మేకల వెనక వెలుగొచ్చింది. అమ్మ గోగునార గడ్డాలు, నాన్న మేకుతో కొట్టిన కళ్ళు వెలిగాయి. కుర్రాళ్ళలో ఒకడు, మగవాళ్ళు ఈ తీగ తట్టుకుని పడిపోతారేమో అన్నాడు. "కాళ్ళెత్తి దాటమను" అన్నాడు సమూయేలు గారి మనవడు.

పండగ ఆరాధనకి మగవాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఆ తీగ దగ్గర ఆగి, కిందికి చూసుకుని, పంచె కొంచెం పైకెత్తి దాటారు. పాస్టరుగారు కూడా దాటారు. నేను ఎడమ పక్క, ముందు వరసలో, మేకల పక్కన కూర్చున్నాను. రొట్టె పళ్ళెం ముందుగా మా దగ్గరికే వచ్చింది.